14 నెలల ప్రయాణం, ఇంటెడు సామాను

ప్రశ్న: నేనూ మావారూ ఉద్యోగాలకు దీర్ఘకాలిక సెలవు పెట్టి 14 నెలల పాటు దేశాలు తిరిగి రావాలని నిశ్చయించుకున్నాం. అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నాం. రెండు గదుల సామాను, నాలుగు వందల పుస్తకాలు, పట్టుబట్టలు, ఫ్రిజ్, కంప్యూటర్ ఉన్నాయి. వీటి కోసం స్టోరేజీ గది అద్దెకు తీసుకోవాలా, మా ఆడపడుచు గారింట్లో ఖాళీగా ఉన్న గదిలో సర్దాలా, లేక అమ్మేయడమే మేలా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందుగా ఒక కాగితం మీద లెక్క వేసుకోండి. స్టోరేజీ గది నెల అద్దెను 14తో హెచ్చించి, సామాను చేరవేయడానికీ తిరిగి తెచ్చుకోవడానికీ అయ్యే రవాణా ఖర్చును దానికి కలపండి. మీరు కొన్నప్పటి ధరను పక్కన పెట్టి, తిరిగి వచ్చాక అలాంటి వాడిన వస్తువులనే కొనుక్కోవాలంటే ఎంతవుతుందో ఎదురుగా రాయండి. నెల అద్దె ఆ మొత్తంలో ఇరవయ్యో వంతే అనుకున్నా, 14 నెలలకు అద్దె ఒక్కటే 70 శాతం అవుతుంది. రవాణా కూడా కలిస్తే మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. అందువల్ల ఫ్రిజ్, పరుపు, సోఫా వంటి చోటు ఆక్రమించే వస్తువులను అమ్మేయడమో, వాడుకునేవారికి ఇచ్చేయడమో మంచిదని నా అభిప్రాయం. మళ్లీ దొరకని వాటికీ, చిన్న పెట్టెలో పట్టే విలువైన వాటికీ మాత్రమే చోటు వెతకండి. ఇలా వడపోస్తే రెండు గదుల సామాను పది పన్నెండు పెట్టెలకు దిగుతుంది, అప్పుడు మీ ఆడపడుచు గారి గదిలో ఒక మూల సరిపోతుంది.

సామాను దాచేవారు సాధారణంగా దొంగలకు భయపడతారు కానీ, మూసి ఉంచిన గదిలో అసలు శత్రువు చెమ్మ. ఈ మాట నేను అనుభవంతోనే చెబుతున్నాను. పదకొండు నెలల తర్వాత నా ట్రంకుపెట్టె తెరిచినప్పుడు ముక్క వాసన గుప్పున కొట్టింది. తోలు బెల్టు మీద బూడిద రంగు బూజు వేలితో తుడిస్తే పొడిలా రాలింది, దాని కింద తోలు మచ్చలు పడి ఉంది. పక్కనే పెట్టిన చిన్న రేడియోలో నేను తీయడం మరచిన సెల్స్ కారిపోయి, స్ప్రింగుల చుట్టూ తెల్లటి పొక్కు కట్టింది. ఆ రేడియో మా నాన్నగారిది, మళ్లీ పలకలేదు. పెట్టె మూసే ముందు పది నిమిషాలు వెచ్చించి ఉంటే రెండూ దక్కేవి.

గాలిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే బట్టలకు, తోలుకు, కాగితానికి బూజు పట్టడం మొదలవుతుంది. కాబట్టి బట్టలను ఉతికి, పైకి ఆరినట్టు కనిపించాక కూడా మరో రోజు గాలికి ఉంచి, ఆ తర్వాతే మడవండి. గంజి పెట్టకండి, ఎందుకంటే పుస్తకాలను కొరికే వెండిరంగు పురుగులకు గంజి ఆహారం. చెమట, నూనె మరకలు ఉన్న ఉన్నిబట్టలనూ పట్టుబట్టలనూ చిమ్మట పిల్లపురుగులు వెతుక్కుని తింటాయి. పట్టును ప్లాస్టిక్ కవర్లలో బిగించకుండా ఉతికిన తెల్లని నూలుగుడ్డలో చుట్టండి. కలరా ఉండలు వేయాలనుకుంటే గుడ్డమూటలో కట్టి, బట్టలకు, ప్లాస్టిక్‌కు తగలకుండా పెట్టండి. వాటి ఆవిరి ఆరోగ్యానికి మంచిది కాదు, ముఖ్యంగా పసిపిల్లలకు. మీ ఆడపడుచు గారింట్లో పిల్లలుంటే అసలు వాడకండి. తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు గట్టిగా మూత పడే పెట్టెలోనే పనిచేస్తాయి. అట్టపెట్టెలో వేస్తే గది గాలిలోని తేమను కొద్దిరోజుల్లోనే నింపుకుని ఊరికే కూర్చుంటాయి.

పుస్తకాలను చిన్న పెట్టెల్లో, ఒక్కొక్కటి 15 కిలోలకు మించకుండా సర్దండి. పడుకోబెట్టినా నిలబెట్టినా ఫరవాలేదు, కానీ ఏటవాలుగా ఆనించి వదిలితే నెలల తర్వాత అట్టలు ఆ వంకరలోనే బిగుసుకుంటాయి. ఏ పెట్టెనూ నేల మీద పెట్టకండి. చెక్కపలకలు గానీ ఇటుకలు గానీ వేసి నాలుగంగుళాలు పైకి లేపి, గోడకు కూడా జానెడు ఎడం ఉంచండి. బయటి గోడ చల్లబడ్డప్పుడు దానికి ఆనుకున్న అట్ట తేమను పీల్చుకుంటుంది, చెదలు కూడా ముందుగా అక్కడే కనిపిస్తాయి.

కంప్యూటర్, ఫోను, కెమెరా వంటి వాటిలో లిథియం బ్యాటరీలను నిండా ఛార్జ్ చేసి గానీ, పూర్తిగా ఖాళీ చేసి గానీ దాచకూడదు. సగం ఛార్జ్ ఉంచి, స్విచ్ ఆపి, చల్లని చోట పెట్టి, ఆరు నెలలకోసారి ఎవరిచేతనైనా మళ్లీ సగానికి నింపించండి. పవర్‌బ్యాంకులను మూసిన గదిలో వదలకండి. రిమోట్లు, గడియారాలు, టార్చిలైట్లలోని సెల్స్ తప్పనిసరిగా తీసేయండి. ఫొటోలూ కాగితాలూ ఒకే డిస్కులో ఉంచి, దానిని పెట్టెలో పెట్టి వెళ్లకండి. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం బదులు చిప్పులుండే) డిస్కుల్లో సమాచారం విద్యుదావేశం రూపంలో ఉంటుంది కాబట్టి, చాలాకాలం కరెంటు అందకపోతే అది నెమ్మదిగా తగ్గుతుంది, వేడి గదిలో మరింత త్వరగా తగ్గుతుంది. మరో ప్రతి ఇంకో చోట తప్పనిసరిగా ఉండాలి.

ఇక ఆడపడుచు గారి విషయం. దగ్గరివాళ్లు కదా అని నోటిమాటతో వదిలేయడం ఇద్దరికీ ఇబ్బందే. ప్రతి పెట్టెకూ అంకె వేసి, లోపల ఏముందో రాసి, మూసే ముందు ఫొటో తీసి, ఆ జాబితా నకలు ఒకటి ఆమెకు ఇవ్వండి. ఆ గది వారికే కావలసి వస్తే పెట్టెలను ఎక్కడికి తరలించాలో, నీళ్లు కారితే ఏ పెట్టెలు తెరవవచ్చో, మీరు అనుకున్న తేదీకి రాకపోతే వేటిని పారేయవచ్చో ముందే చెప్పండి. ఆ అనుమతి మీ నోటి నుంచే రావాలి, ఆమె అడగడానికి మొహమాటపడతారు. నగలు, ఆస్తి కాగితాలు మాత్రం ఆమె బాధ్యతలో పెట్టకండి, వాటికి బ్యాంకు లాకరే తగినది.

ఒకవేళ స్టోరేజీ గదే తీసుకుంటే ఒప్పందం పూర్తిగా చదవండి. అద్దె కొంతకాలం ఆగితే సామాను వేలం వేసుకునే హక్కు యజమానికి ఇచ్చే షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. అద్దె కట్టే కార్డు గడువు మీ ప్రయాణం మధ్యలో ముగిసి, మీ పాత ఫోను నంబరు కూడా పనిచేయకపోతే హెచ్చరిక మీదాకా రాదు. కార్డు తేదీ ఇప్పుడే చూసుకుని, ఇక్కడే ఉండేవారి నంబరు కూడా రెండో సంప్రదింపుగా రాయించండి. బూజు, పురుగు, ఎలుకల నష్టాన్ని చాలా బీమా పాలసీలు చెల్లించవు, ఆ పంక్తి ఎక్కడుందో వెతికి చదవండి.

ప్రశ్న: నాలుగైదు నెలలు ఊళ్లో ఉండను. కారును షెడ్డులో వదిలి వెళ్తున్నాను. మా తమ్ముడు వారానికోసారి వచ్చి ఐదు నిమిషాలు ఇంజన్ ఆన్ చేస్తానంటున్నాడు. అది చాలా? – ఒక పాఠకుడు

జవాబు: మీ తమ్ముడి మంచి మనసుకు సంతోషం, కానీ ఆ ఐదు నిమిషాల వల్ల నష్టమే ఎక్కువ. స్టార్టు చేయడానికి ఖర్చయిన కరెంటు ఆ కొద్దిసేపట్లో బ్యాటరీకి తిరిగి చేరదు, ఇంజన్ బాగా వేడెక్కక పొగగొట్టంలో చేరిన నీటి తేమ అక్కడే నిలిచి తుప్పు పట్టిస్తుంది. ఆయన రెండు మూడు వారాలకోసారి అరగంట నడిపి తీసుకురాగలిగితే బ్యాటరీకి, టైర్లకు, బ్రేకులకు అన్నిటికీ మంచిది. అది వీలుకాకపోతే బ్యాటరీ నెగటివ్ వైరు విప్పించి, టైర్లలో గాలి సరిగా నింపించి, హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేరులో ఉంచి చక్రాలకు ముందూ వెనకా చెక్కదిమ్మలు పెట్టించండి. నెలల తరబడి హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలితే బ్రేకులు పట్టేసి కదలకుండా పోతాయి. కారు కదలకపోయినా బీమా గడువు మాత్రం ముగియనివ్వకండి.