బయోమెడికల్ ఇంజనీర్‌గా అమెరికాలో నిలదొక్కుకోవచ్చా?

బయోమెడికల్‌లో ఎంఎస్ చేస్తే అమెరికాలో ఉద్యోగం, వీసా రెండూ దక్కుతాయా అని అడిగారు. నేను 2016లో ఎంఎస్‌కి వచ్చాను, ఇప్పటికీ ఇదే పనిలో ఉన్నాను. ఉద్యోగం దొరుకుతుంది. కష్టమంతా వీసాతోనే.

చదువయ్యాక ఓపీటీ అనే అనుమతి కింద 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) డిగ్రీ కాబట్టి మరో 24 నెలలు పని చేయనిస్తారు. ఈలోగా హెచ్-1బీ, అంటే ఉద్యోగ వీసా, లాటరీ తగలాలి. ఏడాదికి మొత్తం 85,000 వీసాలు, వాటిలో 20,000 ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి. నాకు మూడుసార్లూ తగల్లేదు. మూడోసారి ఫలితం తెలిసిన రాత్రి అమ్మ ఫోన్ చేస్తే ఎత్తలేకపోయాను.

యూనివర్సిటీలకు, వాటికి అనుబంధంగా లాభాపేక్ష లేకుండా నడిచే ఆసుపత్రులకు ఆ లాటరీ వర్తించదని అప్పుడే తెలిసింది. వాళ్లు ఏడాదిలో ఎప్పుడైనా దరఖాస్తు పెట్టొచ్చు. అలాంటి ఒక ఆసుపత్రిలో చేరాను. జీతం తగ్గింది, కానీ పని నేర్చుకున్నది అక్కడే.

అంతకుముందు ఇన్ఫ్యూజన్ పంపులు, అంటే మందుని కొలత ప్రకారం నరంలోకి ఎక్కించే యంత్రాలు, తయారుచేసే చిన్న కంపెనీలో ఉండేవాణ్ణి. ట్యూబులో గాలి బుడగ వస్తే పంపు ఆగి అలారం మోగాలి. బుడగని పసిగట్టేది అల్ట్రాసౌండ్. అది ద్రవంలోంచి సాఫీగా వెళ్తుంది, గాలి అడ్డొస్తే సిగ్నల్ పడిపోతుంది. ల్యాబ్‌లో ఎన్నిసార్లు పరీక్షించినా బాగానే పనిచేసింది. ఆసుపత్రిలో చేరాక ఒక రాత్రి, పంపు అలారం ఆగకుండా మోగుతోందని ఐసీయూ నుంచి పిలుపొచ్చింది. వెళ్లేసరికి నర్సు ట్యూబుని వేలితో టకటకా కొడుతోంది. "ఫ్రిజ్‌లోంచి తీసిన మందు పెట్టినప్పుడల్లా ఇంతే" అంది. చల్లటి ద్రవం వెచ్చబడేకొద్దీ అందులో కరిగి ఉన్న గాలి బుడగలై బయటికొస్తుంది. ట్యూబు లోపలి గోడకి ఆవగింజల్లా అంటుకుని ఉన్నాయి. మేం ల్యాబ్‌లో ఎప్పుడూ గది ఉష్ణోగ్రతలో ఉన్న సెలైన్‌నే వాడాం. అలాంటి పంపుల మీద మూడేళ్లు పనిచేసి కూడా ఒక్క నర్సునీ అడగలేదే అని మనసు చివుక్కుమంది. అప్పట్నుంచి ఏ పరికరం చేతికొచ్చినా ముందు వార్డుకి వెళ్తాను.

విలెం కోల్ఫ్ గురించి చదివినప్పుడల్లా ఆ రాత్రే గుర్తొస్తుంది. జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, 1943లో, సాసేజ్ తొడుగులకి వాడే సెలోఫేన్ గొట్టంతో ఆయన డయాలిసిస్ యంత్రం కట్టారు. మొదటి రోగుల్లో దాదాపు అందరూ చనిపోయారు. 1945లో ఒక పెద్దావిడ బతికి బయటపడింది. కోల్ఫ్ డాక్టరు, తన రోగుల కోసమే ఆ యంత్రం కట్టుకున్నారు. 1950లో ఆయన కూడా అమెరికా వలస వచ్చారు.

చదివేటప్పుడే వైద్య పరికరాల ప్రమాణాలు నేర్చుకోండి: నాణ్యత కోసం ఐఎస్‌ఓ 13485, రిస్క్ మేనేజ్‌మెంట్ కోసం 14971, కంపెనీలు అవే అడుగుతాయి. హెచ్-1బీలో ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి గడువు 60 రోజుల వరకే. ఇండియాలో పుట్టినవాళ్లకి గ్రీన్‌కార్డు క్యూ చాలా పొడుగు, ఎందుకంటే ఒక్కో దేశానికి 7 శాతమే పరిమితి. నేనింకా ఆ క్యూలోనే ఉన్నాను. రూల్స్ మారుతుంటాయి, దరఖాస్తు పెట్టేముందు ఒకసారి సరిచూసుకోండి. ఇంటర్వ్యూకి వెళ్తే మాత్రం, ఆ సంస్థ క్యాప్ ఎగ్జెంప్టా (అంటే లాటరీ వర్తించనిదా) కాదా అని మొహమాటం లేకుండా అడిగేయండి.