పాముకి తిండి పెట్టే చెయ్యి, ఎత్తుకునే చెయ్యి

అమ్మలూ,

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను, తిండి పెడుతుంటే నీ పెంపుడు పాము కరిచిన వేలి ఫోటో కూడా. గీరుకున్నట్టు వరసగా చిన్న చుక్కలున్నాయి, లోతుగా ఏమీ దిగలేదు, కాబట్టి ముందు ఆ టెన్షన్ తీసెయ్యి. సబ్బుతో కడిగానన్నావు, మంచిది. టెటనస్ ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు వేయించుకున్నావో గుర్తులేకపోతే ఇవాళే డాక్టర్‌ని అడుగు. రేపో ఎల్లుండో అక్కడ ఎర్రబడినా, వాచినా, సలుపు పెరిగినా ఆగకుండా వెళ్ళి చూపించుకో.

ఇక నువ్వు రాసిన ఇంకో మాట. "ఇన్నాళ్ళూ నా చేతుల్లో తిరిగింది, నన్నే కరిచింది, దానికి నేనంటే పడదేమో మామయ్యా" అన్నావు. అది చదివి నాకు బాధేసింది. చాలామంది సరిగ్గా ఇక్కడే భయపడి పామును పెట్టెలో వదిలేస్తారు, తిండి పెట్టడానికి తప్ప మూత తియ్యరు, దాంతో మూత తెరుచుకుంటే తిండే వస్తుందని పాముకి అలవాటై ఇంకోసారి కరుస్తుంది, వీళ్ళు ఇంకా దూరం జరుగుతారు. నీ బాల్ పైథాన్‌కి, అదే ఆ విషం లేని చిన్న కొండచిలువకి, నీ మీద ఏ కోపమూ లేదు. నీ చేతిని ఎలుక అనుకుంది, అంతే. అలా ఎందుకు అనుకుందో నువ్వు రాసిన దాంట్లోనే ఉంది: ఫ్రీజర్‌లోంచి తీసిన చచ్చిన ఎలుక మంచు కరిగిందో లేదో అని చేత్తో నొక్కి చూశావు, తర్వాత తోక పట్టుకుని దాని ముందు ఆడించావు, అది అందుకోకపోయేసరికి ఇంకాస్త దగ్గరికి జరిపావు.

ఒకసారి పాము వైపు నుంచి ఆలోచించు. బాల్ పైథాన్‌కి పెదవుల వెంబడి చిన్న చిన్న గుంటలు ఉంటాయి, వాటితో అది ఎదుటి ప్రాణి ఒంటి వేడిని చీకట్లో కూడా పసిగడుతుంది. నాలుక ఆడించినప్పుడల్లా గాల్లో ఉన్న వాసన నోటి పైభాగంలో వాసన పసిగట్టే జేకబ్సన్ అవయవానికి చేరుతుంది. కంటికి స్పష్టంగా తెలిసేది కదలిక. ఇప్పుడు లెక్క చూసుకో. ఎలుక అప్పటికే చల్లారిపోయింది, దాని వెనకాలే నీ చెయ్యి వెచ్చగా ఉంది, ఆ చేతికీ ఎలుక వాసనే ఉంది, కదులుతున్నదీ చెయ్యే. ఆ మూడూ కలిసిన చోటికే అది దూకింది. పాము దూకి అందుకోవడానికి పట్టే సమయం సుమారు 70 మిల్లీసెకన్లు, మనం రెప్ప వేసే టైమ్ కంటే తక్కువ, కాబట్టి చూసి వెనక్కి తీసుకుందాంలే అన్న ధీమా ఎవరికీ పనికిరాదు, ఎన్నేళ్ళ అనుభవం ఉన్నా సరే. చెయ్యి అసలు ఆ దూరంలోనే ఉండకూడదు.

అందుకని మొదట కొనాల్సింది పొడుగాటి పటకారు. కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలి, పాము పెద్దదైతే ఇంకా పొడుగు. కొసలు మొద్దుగా ఉండాలి, రబ్బరు తొడుగు ఉంటే మరీ మంచిది, ఎందుకంటే ఒక్కోసారి పాము గురి తప్పి పటకారునే కరుస్తుంది, ఇనుము తగిలితే దాని పళ్ళు విరగొచ్చు. ఎలుకను నడుము దగ్గర పట్టుకుని, తల పాము వైపు ఉండేలా చూపించు. పాము అందుకోగానే వదిలెయ్యి, సరదాగా ఉందని లాగి ఆడించకు.

ఎలుకను ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లోంచి తీసి కింద ఫ్రిజ్‌లో పెట్టు, నెమ్మదిగా కరుగుతుంది. మర్నాడు ప్లాస్టిక్ సంచిలో వేసి, సంచి మూతి గట్టిగా మూసి వేడినీళ్ళలో ఉంచు. మరిగే నీళ్ళు వద్దు, చెయ్యి పెట్టగలిగినంత వేడి చాలు. లోపలిదాకా కరగాలి, పైన 38 నుంచి 40 డిగ్రీల దాకా వెచ్చబడాలి. ఇచ్చే ముందు తల భాగాన్ని ఇంకో నిమిషం నీళ్ళలో ఉంచితే అదే అన్నిటికంటే వెచ్చగా ఉంటుంది, పాము గురి అటే పోతుంది. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకు, లోపల ఉడికిపోతుంది, ఒక్కోసారి పగిలిపోతుంది కూడా. సైజు సంగతంటావా, పాము ఒంట్లో అన్నిటికంటే లావుగా ఉన్న చోటు ఎంత ఉందో ఎలుక అంత లావు ఉంటే సరిపోతుంది. బతికున్న ఎలుకను వెయ్యొద్దు. అది తిరగబడి పామునే కొరికితే గాయాలు చాలా ఘోరంగా ఉంటాయి.

తిండి పెట్టేటప్పుడు పామును వేరే డబ్బాలోకి మార్చాలని నీకెవరో చెప్పారని రాశావు. నేనైతే అలా చెయ్యను. ఎలుక వాసన తగిలి ఆకలి మీదున్న పామును చేత్తో ఎత్తి అటు మార్చడం, తిన్నాక నిండు పొట్టతో మళ్ళీ ఇటు మార్చడం, రెండుసార్లూ మన చెయ్యి ప్రమాదంలో పడుతుంది, దానికీ తిన్నది కక్కే అవకాశం పెరుగుతుంది. ఉన్న పెట్టెలోనే పెట్టు. ఎప్పుడైనా రెండో పాము తెచ్చుకున్నా రెండింటినీ ఒకే పెట్టెలో ఉంచకు, ఒకే ఎలుకను రెండూ రెండు వైపులా పట్టుకుంటే విడదీయడం ఎవరి తరమూ కాదు.

తిన్నాక ఏం చేస్తావన్నది అంతకంటే ముఖ్యం. నన్ను మొదటిసారి కరిచింది తిండి పెట్టేటప్పుడు కాదు, పెట్టిన అరగంటకి. ఎలుకను మింగేసింది కదా, పని అయిపోయిందనుకుని, చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని నీళ్ళగిన్నె మార్చబోయాను. పెట్టె నిండా ఎలుక వాసనే, పాము ఇంకో ఎలుక దొరుకుతుందేమోనని వెతుకుతూనే ఉంది. తిన్న తర్వాత చాలాసేపు అది అదే ధ్యాసలో ఉంటుంది. నీళ్ళు మార్చాలన్నా, శుభ్రం చెయ్యాలన్నా తిండికి ముందే, ఎలుకను ఫ్రిజ్‌లోంచి తియ్యకముందే చేసెయ్యి. తిన్నాక మూత పెట్టి 48 గంటలు ముట్టుకోకు. పెద్ద ఎలుక తిని పొట్ట దగ్గర ఉబ్బు ఇంకా కనిపిస్తుంటే అది తగ్గేదాకా ఆగు.

ఇప్పుడు ఎత్తుకోవడం గురించి. నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది: ఇప్పుడు వచ్చేది తిండా, మనిషా అన్నది నువ్వు ముట్టుకోకముందే పాముకి తెలియాలి. దీనికి నేను వాడేది హుక్, అంటే కొస వంగిన పొడుగాటి కడ్డీ. ఎత్తుకునే ప్రతిసారీ ముందు హుక్‌తో దాని వీపు మీద మెల్లగా నిమురుతాను, రెండు మూడు సార్లు. ఎలుక ఎప్పుడూ అలా నిమరదు కదా. తిండి రోజున హుక్ బయటికి తియ్యను. కొన్ని వారాల్లో పాముకి ఆ తేడా అలవాటవుతుంది, హుక్ తగలగానే బిగిసిన మెడ వదులవడం నువ్వే చూస్తావు. నీది ఇంకా చిన్నదే కాబట్టి హుక్ లేకపోయినా ఫరవాలేదు, అట్టగొట్టం చాలు, కాకపోతే ప్రతిసారీ అదే వాడాలి. ముందూ తర్వాతా చేతులు సబ్బుతో కడుక్కో. ముందు వాసన పోవడానికి, తర్వాత సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా కోసం, పాములు చూడ్డానికి ఎంత ఆరోగ్యంగా ఉన్నా అది వాటి ఒంటి మీద ఉండొచ్చు. ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలుంటే వాళ్ళని ముట్టుకోనివ్వకు. కుందేలునో హ్యామ్‌స్టర్‌నో పట్టుకుని అదే చేత్తో పాము దగ్గరికి వెళ్ళకు.

చెయ్యి పై నుంచి దించొద్దు. పామును వేటాడేవి చాలావరకు పై నుంచే వస్తాయి, ఆ భయం దానికి పుట్టుకతో ఉంటుంది. పక్క నుంచి, తలకి దూరంగా, ఒంటి మధ్యభాగం కింద చెయ్యి పోనిచ్చి రెండు చేతులతో బరువు మోస్తూ లేపు. భయపడి చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడించేవాళ్ళనే పాములు ఎక్కువ కరుస్తాయి, ఆ కదలిక దానికి ఎలుకలాగానో శత్రువులాగానో కనిపిస్తుంది. వెళ్ళాలనుకుంటే నెమ్మదిగా, ఆగకుండా వెళ్ళు. వద్దనిపిస్తే ఆ రోజుకి మానెయ్యి. తల పట్టుకోకు, బిగించకు, మొహం దగ్గరికి తెచ్చుకోకు, మెడలో వేసుకోకు, ఎవరు ఫోటో అడిగినా సరే. మొదట్లో పది నిమిషాలు చాలు.

దాని తీరు చూసి భయమా, ఆకలా అని పోల్చుకోవడం కూడా నేర్చుకో. భయపడిన పాము వెనక్కి జరుగుతుంది, తలను చుట్టల్లో దాచుకుంటుంది, మెడ మెలి తిప్పి బుస కొడుతుంది. కార్న్ స్నేక్ లాంటివైతే తోక గబగబా ఆడిస్తాయి కూడా. ఆకలి మీదున్న పాము ఇలా ఉండదు, అందుకే అందరూ మోసపోతారు. అది ప్రశాంతంగా ముందుకి వస్తుంది, నాలుక ఆడిస్తూ, తల నిలకడగా నీ వేళ్ళ వైపే తిప్పుతూ. "చూశావా, నా దగ్గరికే వస్తోంది" అని ముచ్చటపడి చెయ్యి చాపుతారు. అప్పుడు చెయ్యి కాదు, హుక్ చాపాలి. కళ్ళు పాలు పోసినట్టు తెల్లబడితే కుబుసం విడిచే ముందని అర్థం, దానికి సరిగ్గా కనపడదు, ఆ రోజుల్లో ముట్టుకోకు. కొత్తగా ఇంటికొచ్చిన పామునైతే ఒకటి రెండు వారాలు, అది తిండి సరిగ్గా తినేదాకా, అలానే వదిలెయ్యాలి.

ఇంత చేసినా ఒక్కోసారి కరుస్తుంది. కరిచి వదిలేస్తే, నీకు జరిగినట్టు, కడుక్కుంటే సరిపోతుంది. కరిచి పట్టుకుంటే మాత్రం చెయ్యి లాగొద్దు. దాని పళ్ళు లోపలికి వంగి ఉంటాయి, పట్టింది జారిపోకుండా ఉండటానికే. నా దగ్గరున్న కింగ్ స్నేక్ (కింగ్ కోబ్రా కాదు, విషం లేనిది) ఒకసారి బొటనవేలు పట్టుకుని చుట్టేసుకుంది, నేను కంగారులో లాగేశాను. నా వేలు చీరుకుపోయింది, అది వారంలో మానింది. దాని పళ్ళు రెండు విరిగి, చిగుళ్ళు పుచ్చి, నోరు వాచి నెలన్నర తిండి తినలేదు. వైద్యం చేయిస్తూ రోజూ ఆ నోరు చూసేవాణ్ణి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. కదలకుండా ఉండు, నిమిషంలోపే చాలాసార్లు ఇది తిండి కాదని తెలుసుకుని వదిలేస్తుంది. వదలకపోతే తల మీద చల్లటి నీళ్ళు పారించు. చుట్టలు విప్పాలంటే తోక వైపు నుంచి మొదలుపెట్టు. అప్పటికీ నోరు వదలకపోతే తలను వెనక్కి కాదు, కాస్త ముందుకి నెట్టి, పళ్ళు విడివడ్డాక పైకి లేపాలి. ఆ తర్వాత గాయంలో పన్ను ముక్క ఏమైనా ఉండిపోయిందేమో చూసుకో.

ఇదంతా విషం లేని పాములకే. విషపు పాము కరిస్తే ఈ పనులేవీ పనికిరావు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, అలాంటివాటిని ఇంట్లో పెంచే ఆలోచనే వద్దు. ఇక, బోవా అనే పెద్ద పామును తీసుకుంటానన్నావు. రెండున్నర మీటర్లు దాటిన పాము పెట్టెను ఒంటరిగా తెరవకూడదు, తిండికైనా శుభ్రానికైనా పక్కన ఇంకో పెద్దమనిషి ఉండాలి. అలా ఉండేవాళ్ళు ఇంట్లో ఉన్నారా అన్నది చూసుకుని అప్పుడు మాట్లాడుకుందాం.

ఈ వారం తిండి పెట్టకు, అది నిన్ననే తింది. రెండు రోజులాగి, అట్టగొట్టంతో నిమిరి, ఐదు నిమిషాలు ఎత్తుకుని పెట్టెయ్యి. చెయ్యి వణికితే ఆ రోజు గొట్టంతో నిమిరి ఊరుకో, ఎత్తుకోవడం మర్నాడు చూద్దువు. ఎలా ఉందో నాకు రాయి.

మామయ్య