డ్రమ్ములో అరచేయి దూరకపోతే బట్టలు ఎక్కువైనట్టే

టెక్ సందేహాలు

"మాది 7 కిలోల ఫ్రంట్ లోడ్ మెషీన్. కొని ఎనిమిది నెలలైంది. బాగానే ఉతుకుతుంది కానీ స్పిన్ దగ్గరికొచ్చేసరికి 9 నిమిషాలని చూపించి అక్కడే ఆగిపోతుంది. మళ్లీ నీళ్లు పట్టుకుంటుంది, తిరుగుతుంది, ఆగుతుంది. ఆఖరికి 'యూఈ' అని వస్తుంది. బట్టలు నీళ్లోడుతూ బయటికొస్తున్నాయి. నిన్న 30 నిమిషాల ప్రోగ్రామ్‌లో రెండు డబుల్ దుప్పట్లు, నాలుగు జీన్స్, నాలుగు టవళ్లు, ఒక నేత చీర వేశాను. మెషీన్ మార్చమని అడగాలా?"
– ఒక పాఠకురాలు, ఖమ్మం

ఈ నెలలో ఇలాంటి ఉత్తరం ఇది ఆరోది. కంపెనీలు వేరు, కోడ్‌లో అక్షరాలు వేరు, బాధ మాత్రం ఒక్కటే. మీ మెషీన్ పాడవలేదమ్మా. బరువంతా ఒక పక్కకు చేరింది, ఇలా అయితే వేగంగా తిరగలేను అని అది మీకు చెబుతోంది.

మీరు వేసినవి లెక్కేద్దాం. ఒక జీన్స్ పొడిగా ఉన్నప్పుడే సుమారు 700 గ్రాములు. డబుల్ దుప్పటి కిలో దాకా ఉంటుంది, స్నానం టవల్ అర కిలో. చీర కూడా కలిపితే 7 కిలోలు దాటిపోయింది. పైగా మెషీన్ మీద రాసిన 7 కిలోలు కాటన్ ప్రోగ్రామ్‌లో, పొడి బట్టలకు చెప్పిన లెక్క. సింథటిక్ బట్టలకు అందులో సగం. మీరు పెట్టిన లాంటి తక్కువ సమయం ప్రోగ్రామ్‌లకు చాలా మెషీన్లలో 2 కిలోలే పరిమితి. ఈ పట్టిక మాన్యువల్‌లో ఉంటుంది. మెషీన్ కొన్న రోజే మాన్యువల్‌ను అటక మీద పడేస్తే ఎలా? దయచేసి దించి ఆ ఒక్క పేజీ చూడండి.

ఫ్రంట్ లోడ్‌లో బట్టలు పైదాకా లేచి కింద పడాలి. ఆ దెబ్బకే మురికి వదులుతుంది. డ్రమ్ము నిండా కుక్కితే పడటానికి చోటుండదు. అందుకే బట్టలన్నీ వేశాక అరచేతిని నిలువుగా పట్టి బట్టలకూ డ్రమ్ము పైభాగానికీ మధ్య దూర్చి చూడండి. సులువుగా దూరితే సరే. వేళ్లు ఇరుక్కుంటే రెండు బట్టలు తీసేయండి.

ఇక ఆ 9 నిమిషాల సంగతి. డ్రమ్ము అడ్డకొలత దాదాపు అర మీటరు. అది నిమిషానికి 1200 చుట్లు తిరిగేటప్పుడు లోపలి బట్ట మీద పడే లాగుడు దాని బరువుకు దాదాపు 400 రెట్లు. ఒక పక్క కిలో ఎక్కువైతే ఆ పక్కకు 400 కిలోల బరువు లాగినంత పని. అందుకే మెషీన్ ముందు నెమ్మదిగా తిప్పి బట్టల్ని చుట్టూ పరుచుకోవాలని చూస్తుంది. కుదరకపోతే నీళ్లు పట్టి, ముద్దను విడదీసి మళ్లీ ప్రయత్నిస్తుంది. మీ ఐదున్నర మీటర్ల చీర తాడులా మెలిపడి జీన్స్‌ని చుట్టేసి ఉంటుంది. దుప్పటి సంచిలా మారి టవళ్లను మింగేసి ఉంటుంది. ఆ ముద్ద ఎన్నిసార్లు తిప్పినా విడిపోదు.

చీరను మడతపెట్టి వల సంచిలో వేయండి. దుప్పట్లు రెండూ కలిపి ఒక విడత, జీన్స్ ఇంకో విడత. ప్రతి బట్టనూ దులిపి వదులుగా వేయాలి, ఉండ చుట్టి విసరకూడదు. ఒక్క బరువైన డోర్‌మ్యాట్‌ను ఒంటరిగా వేసినా ఇదే కోడ్ వస్తుంది, తోడుగా రెండు టవళ్లు ఉండాలి. రెయిన్‌కోటు, పిల్లల పక్క కింద వేసే ప్లాస్టిక్ షీటు లాంటివి మాత్రం ఎప్పుడూ స్పిన్‌లో వేయొద్దు. వాటి మడతల్లో నీళ్లు చిక్కుకుని ఒక్కసారిగా బరువు ఒరుగుతుంది. టాప్ లోడ్ వాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. 2016 నవంబరులో అమెరికాలో ఒక కంపెనీ సుమారు 28 లక్షల టాప్ లోడ్ మెషీన్లను వెనక్కి పిలిచింది. స్పిన్‌లో విపరీతంగా ఊగి పైమూత ఊడి ఎగరడమే కారణం. ఒకరికి దవడ విరిగింది.

డిజైన్ చేసేవాళ్ల మీద నా కోపం ఇక్కడే. నీళ్లు పట్టే ముందే ఎంత బరువుందో ఇప్పటి మెషీన్లు చాలావరకు అంచనా కడతాయి. అప్పుడే 'రెండు బట్టలు తీయండి' అని తెలుగులో చూపించడానికి ఏమిటి కష్టం? గంటసేపు తిప్పి, చివర్లో రెండు ఇంగ్లిష్ అక్షరాలు చూపించి ఊరుకుంటే ఇంట్లోవాళ్లు ఏమనుకోవాలి? మెషీన్ పోయిందనే అనుకుంటారు. టెన్షన్‌లో ఫోన్ తీసి కస్టమర్ కేర్ నంబర్ వెతుకుతారు. నాకు అన్నిటికంటే భయం వేసేది ఈ క్షణమే.

మా పిన్ని సరిగ్గా ఇలాగే చేసింది. వెతకగానే పైన కనిపించిన నంబర్‌కు ఫోన్ చేసింది. అవతలివాడు ఎంతో మర్యాదగా మాట్లాడి, రిజిస్ట్రేషన్‌కు పది రూపాయలు కట్టాలన్నాడు. వాట్సాప్‌లో పంపిన ఫైల్‌ను ఇన్‌స్టాల్ చేయమన్నాడు. అది ఫోన్ స్క్రీన్ మొత్తం వాడికి చూపించే యాప్. పిన్ని పది రూపాయల కోసం పిన్ నొక్కింది, వాడు చూశాడు. పావుగంటలో 48 వేలు పోయాయి. ఇంతా చేసి ఆ రోజు మెషీన్‌లో ఉన్న సమస్య ఏమిటంటే, ఒక పక్కకు ఒరిగిన బొంత.

సర్వీస్ నంబర్ మీ మెషీన్ వెనకో తలుపు పక్కనో ఉన్న స్టిక్కర్ మీద, వారంటీ కార్డు మీద, బిల్లు మీద ఉంటుంది. ఈ రోజే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. వాషింగ్ మెషీన్ బాగుచేయడానికి మీ ఫోన్ స్క్రీన్ చూడాల్సిన అవసరం ఎవరికీ లేదు. అలాంటి యాప్ ఇప్పటికే వేసుంటే ముందు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకూ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి రాత్రంతా దాచుకోకండి. మా పిన్ని మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరికీ చెప్పలేదు, అప్పటికే ఆలస్యమైంది.

"కొత్త మెషీన్ కొనాలి. 7 కిలోలదే వైఫై ఉన్నది 4 వేలు ఎక్కువ చెబుతున్నారు. తీసుకోవచ్చా?"
– ఒక పాఠకుడు, విజయనగరం

నా అభిప్రాయం సూటిగా చెబుతాను, వద్దు. ఉతకడం అయిపోయిందని ఫోన్‌కు కబురు రావడం తప్ప మీకు దానివల్ల ఒరిగేది తక్కువ. మెషీన్ పదేళ్లు ఉంటుంది, దాని యాప్‌కు అన్నాళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని షాపువాళ్లను రాసిమ్మనండి, ఇవ్వరు. మెషీన్‌లోని ఆ పాతబడిన వైఫై చిప్ మీ ఇంటి వైఫైలోనే, మీ బ్యాంకు యాప్ ఉన్న ఫోన్ పక్కనే కూర్చుంటుంది. ఇప్పటికే కొన్నవాళ్లు రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (మీ ఫోన్లు వాడే వైఫైతో కలవని వేరే వైఫై) పెట్టి మెషీన్‌ను అందులో కలపండి. యాప్ కాంటాక్ట్స్ అడిగితే ఇవ్వకండి.

మీరు ఆ 4 వేలు పెట్టి 8 కిలోల డ్రమ్ము వస్తుందేమో అడగండి. దుప్పట్లు వేసిన రోజు కూడా అరచేయి దూరే చోటుంటుంది.