షాపులో ఎరుపు, ఇంట్లో గులాబీ: రాయి రంగు మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది కరీంనగర్. ఐదు నెలల కిందట అమ్మాయి పెళ్లికని హైదరాబాద్‌లో ఒక నగల షాపులో రూ.1,85,000 పెట్టి కెంపు ఉంగరం, రూ.38,000 పెట్టి ఆకుపచ్చ అంబర్ పూసల దండ కొన్నాం. షాపులో కెంపు చిక్కటి ఎరుపులో మెరిసిపోయింది. ఇంటికొచ్చి ట్యూబ్‌లైట్ కింద చూస్తే ఊదా కలిసిన గులాబీలా ఉంది. మా ఊరి కంసాలి "ఇది కెంపు కాదమ్మా, పింక్ సఫైర్" అన్నాడు. టెన్షన్ పడి ఒక ప్రైవేటు ల్యాబ్‌లో చూపించాం. "సహజమైన కెంపే, వేడిచేసిన గుర్తులున్నాయి" అని రాసిచ్చారు. అంబర్‌కు వేడి, పీడనంతో రంగు మార్చారని రాశారు. కొనేముందు షాపువాళ్లు వాట్సాప్‌లో "పిజన్ బ్లడ్, నో హీట్" (అంటే మేలైన చిక్కటి ఎరుపు, వేడిచేయని రాయి) అని పంపారు. బిల్లులో మాత్రం "రూబీ రింగ్", "నేచురల్ గ్రీన్ అంబర్" అనే ఉంది. వెనక్కి తీసుకోమంటే "రంగు చూసే కంటిని బట్టి ఉంటుంది, చూసుకునే కొన్నారుగా" అంటున్నారు. బిల్లు కింద "నో రిటర్న్" అని అచ్చేసి ఉంది. మాకు న్యాయం జరుగుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: జరిగే అవకాశం బాగానే ఉంది. అయితే మీరు ఇప్పుడు షాపువాళ్లతో వాదిస్తున్న విషయం మీద కాదు. "షాపులో ఒక రంగు, ఇంట్లో ఇంకో రంగు" అని ఫిర్యాదు రాస్తే ఓడిపోతారు. "నో హీట్ అని చెప్పి వేడిచేసిన రాయి అమ్మారు" అని రాస్తే అది గట్టి కేసు. రెండూ ఒకే ఉంగరం గురించే అయినా, మొదటిది కంటికి కనిపించేదాని మీద వాదన, రెండోది షాపువాళ్లు చెప్పిన మాట నిజమా కాదా అన్న ప్రశ్న. చట్టం పట్టుకోగలిగేది రెండోదాన్నే.

రంగు గురించి ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే అవతలి లాయరు మొదలుపెట్టేది అక్కడే. కెంపుకు ఎరుపు రావడానికి కారణం అందులో కొద్దిగా ఉండే క్రోమియం. అది వెలుతురులోని పసుపు, ఆకుపచ్చలను ఎక్కువగా పీల్చుకుని, ఎరుపును, కొంచెం నీలాన్ని బయటికి వదులుతుంది. నగల షాపుల్లో కౌంటర్ మీద పెట్టే పసుపు స్పాట్‌లైట్లలో ఎరుపు పాలు ఎక్కువ, అందుకే కెంపు అక్కడ నిప్పుకణికలా ఉంటుంది. ఇంట్లో తెల్లటి ట్యూబ్‌లైట్‌లో ఎరుపు పాలు తక్కువ. దాంతో నీలం వైపు తేలి, ఊదా కలిసిన గులాబీగా కనిపిస్తుంది. మీ రాయి మారలేదు, దాని మీద పడిన వెలుతురు మారింది. అలెగ్జాండ్రైట్ అనే రాయి పగటి వెలుతురులో ఆకుపచ్చగా, పాతకాలపు బల్బు కింద ఎర్రగా కనిపిస్తుంది. దాని ధరంతా ఆ మార్పులోనే ఉంది. డొమినికన్ రిపబ్లిక్‌లో దొరికే నీలి అంబర్ ఎండలో నీలంగా మెరుస్తుంది, గదిలో దీపం కింద మామూలు తేనెరంగులోకి వచ్చేస్తుంది. వీటిలో దేన్నీ లోపం అనలేం.

గ్రేడింగ్ సంగతీ అంతే. వజ్రానికైతే డి నుంచి జెడ్ వరకు ప్రపంచమంతా ఒప్పుకున్న రంగుల వరుస ఉంది. పక్కన నమూనా రాళ్లు పెట్టుకుని పోల్చి గ్రేడ్ ఇస్తారు. కెంపు, నీలం, పచ్చ, అంబర్ లాంటివాటికి అలా అందరూ ఒప్పుకున్న కొలబద్ద లేదు. నిపుణులు మూడు విషయాలు చూస్తారు: అసలు రంగు ఏది, అది ఎంత ముదురు లేక లేత, ఎంత గాఢం. ఈ మూడింటి మీదా ఇద్దరు నిజాయితీపరులైన నిపుణులు వేర్వేరు మాటలు రాయవచ్చు. "పిజన్ బ్లడ్" అనే పేరుకు స్విట్జర్లాండ్‌లోని గ్యూబెలిన్, ఎస్‌ఎస్‌ఈఎఫ్ ల్యాబ్‌లు 2015లో ఉమ్మడి ప్రమాణం పెట్టుకున్నాయి. మిగతా ల్యాబ్‌లు ఆ పేరును తమ సొంత కొలతలతోనే వాడుతుంటాయి. కాబట్టి ఆ పేరు ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే అవతలివాళ్లు "మా ల్యాబ్ లెక్కలో ఇదే పిజన్ బ్లడ్" అని ఇంకో సర్టిఫికెట్ తెస్తారు.

మీ కంసాలి మాటను సాక్ష్యంగా పెట్టకండి. కెంపు, నీలం, కనకపుష్యరాగం, పింక్ సఫైర్ అన్నీ ఖనిజంగా ఒక్కటే, కొరండం. ఎక్కడిదాకా కెంపు, ఎక్కడినుంచి పింక్ సఫైర్ అన్న గీత ల్యాబ్‌కూ ల్యాబ్‌కూ మారుతుంది. పైగా మీరు చూపించిన ల్యాబే "కెంపు" అని రాసింది. ఇప్పుడు మీరు "కెంపే కాదు" అంటే మీ కాగితమే మీకు ఎదురు తిరుగుతుంది.

ఇప్పుడు మీ బలం దగ్గరికి వద్దాం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(10) లోపం అంటే ఏమిటో చెబుతుంది. నాణ్యత, స్వచ్ఛత, ప్రమాణాల్లో కొరత ఉంటే అది లోపం. ఆ ప్రమాణం చట్టంలోనే ఉండాలని లేదు, ఒప్పందంలో ఉన్నదైనా, అమ్మినవారు "ఏ విధంగానైనా" చెప్పినదైనా చాలు. ఆ "ఏ విధంగానైనా" అన్న మాటలోకి మీ వాట్సాప్ మెసేజ్ వచ్చేస్తుంది. ఇక సెక్షన్ 2(47) ప్రకారం సరుకు ఫలానా నాణ్యత, గ్రేడ్, కూర్పు గలదని అబద్ధం చెప్పడం అనుచిత వ్యాపార పద్ధతి. "అద్భుతమైన రంగు", "ఇలాంటిది మళ్లీ దొరకదు" లాంటివి అమ్మకపు మాటలు, వాటిని వినియోగదారుల కమిషన్ పట్టించుకోదు. "నో హీట్" అలాంటిది కాదు. అది అవునో కాదో మైక్రోస్కోప్ తేల్చగల విషయం.

"చూసుకునే కొన్నారుగా" అన్న వాదనను తేలిగ్గా తీసుకోవద్దు. దానికి చట్టంలో ఆధారం ఉంది. సరుకుల అమ్మకం చట్టం, 1930 సెక్షన్ 16(2) ప్రకారం కొనేవారు పరిశీలించి ఉంటే, ఆ పరిశీలనలో బయటపడాల్సిన లోపాలకు తర్వాత ఫిర్యాదు చేయలేరు. కానీ ఆ నిబంధన "బయటపడాల్సిన" లోపాల దగ్గరే ఆగిపోతుంది. కెంపులో సహజంగా రుటైల్ అనే ఖనిజం పట్టుదారాల్లాంటి సన్నని సూదులుగా ఉంటుంది. వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో ఆ సూదులు కొంత కరిగి, తెగిన గీతలుగా, చుక్కల వరుసలుగా మిగులుతాయి. ల్యాబ్‌వాళ్లు "వేడిచేసిన గుర్తులు" అని రాసేటప్పుడు ముఖ్యంగా చూసేవాటిలో ఇది ఒకటి. కౌంటర్ ముందు నిలబడి, స్పాట్‌లైట్ కింద, ఉంగరంలో బిగించిన రాయిలో ఇది మీ కంటికి కనపడే ప్రసక్తే లేదు. అదే చట్టం సెక్షన్ 15 ఇంకా సూటిగా ఉంది: వర్ణన చెప్పి అమ్మితే, సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. ఈ రెండూ మీ నోటీసులో తప్పకుండా ఉండాలి.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. వేడిచేయడం దానంతట అదే మోసం కాదు. మార్కెట్లోకి వచ్చే కెంపుల్లో, నీలాల్లో చాలావాటిని రంగు మెరుగుపడటానికి వేడిచేస్తారు, వ్యాపారంలో అది ఒప్పుకున్న పద్ధతి, రంగు కూడా నిలుస్తుంది. దాన్ని చెప్పి, దానికి తగ్గ ధరకు అమ్మాలి. పగుళ్లలో సీసం కలిసిన గాజు నింపిన కెంపులు వేరు, అవి చాలా చవక రకం, కంసాలి మంట తగిలితే పాడైపోతాయి. మీ రిపోర్టులో గాజు మాట లేదు కాబట్టి మీరూ ఆ ఆరోపణ చేయకండి. లేని ఆరోపణ ఒక్కటి కలిపినా ఉన్న ఆరోపణ బలం తగ్గిపోతుంది.

అంబర్ విషయంలో మీ పరిస్థితి ఇంకా మెరుగు, ఎందుకంటే "నేచురల్" అన్నది బిల్లులోనే ఉంది. అంబర్ రాయి కాదు, కోట్ల ఏళ్ల కిందటి చెట్ల బంక గట్టిపడినది. సహజంగా దొరికేదాంట్లో ఎక్కువ భాగం పసుపు, తేనె, గోధుమ రంగుల్లో ఉంటుంది. మార్కెట్లో కనిపించే ఆకుపచ్చ అంబర్‌లో అత్యధికం వేడి, పీడనం పెట్టి ఆ రంగు తెప్పించినదే. లోపల చిన్న చిన్న గుండ్రటి బిళ్లల్లా మెరిసే పగుళ్లు చాలాసార్లు వేడిచేయడం వల్లే వస్తాయి. పోలండ్‌లోని గ్డాన్స్క్ కేంద్రంగా పనిచేసే ఇంటర్నేషనల్ అంబర్ అసోసియేషన్ సహజమైన అంబర్‌ను, మార్పు చేసినదాన్ని, ముక్కలు నొక్కి తయారు చేసినదాన్ని, అతికించినదాన్ని వేర్వేరు తరగతులుగా విడదీస్తుంది. అంటే మీ పూసలు అసలైన అంబరే కావచ్చు, కానీ ఆ ఆకుపచ్చ సహజం కాదు. షాపువాళ్లు "అంబర్ నేచురలే కదా" అని తప్పించుకోవాలని చూస్తారు. బిల్లులో "నేచురల్" అన్న మాట "గ్రీన్ అంబర్" అన్న మొత్తానికి ముందు ఉంది, మామూలు కొనుగోలుదారు దాన్ని ఎలా అర్థం చేసుకుంటారో అలాగే చదవాలి అని మీరు వాదించాలి. ఇంట్లో ఉప్పునీళ్లలో తేల్చి చూడటం, కాల్చిన సూది గుచ్చడం లాంటివి చేయకండి. అవి ప్లాస్టిక్ అవునా కాదా చెప్పగలవేమో గానీ రంగు మార్చారా లేదా చెప్పలేవు, పైగా సాక్ష్యం పాడవుతుంది.

అంతకంటే ముఖ్యం: ఉంగరంలోంచి రాయిని ఎవరి దగ్గరా తీయించకండి. ఒక్కసారి తీయిస్తే "రాయి మార్చేశారు" అన్న వాదనకు మీరే దారి ఇచ్చినట్టు. పాలిష్ కూడా వద్దు. ఉంగరాన్ని పక్కలనుంచి, వెనకనుంచి ఫొటోలు తీసి, బిల్లులో రాసిన క్యారెట్ బరువు ల్యాబ్ రిపోర్టుతో సరిపోతుందో చూసుకోండి. రాయి కింద బంగారం మూసి ఉంటే, లోపల రంగు రేకు ఉందేమో రిపోర్టులో రాయమని ల్యాబ్‌ను అడగండి. రాయి తీయక తప్పదని ల్యాబ్ అంటే, ఆ పని కమిషన్ ద్వారానే జరగనివ్వండి. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 ప్రకారం కమిషన్ వస్తువును సీలు వేసి తగిన ల్యాబ్‌కు పంపగలదు, రిపోర్టుకు 45 రోజుల గడువు ఉంటుంది, పరీక్ష రుసుము ముందు మీరు కట్టాలి. మీ ప్రైవేటు రిపోర్టు పనికిరాదని కాదు. రాసిచ్చిన జెమాలజిస్ట్ (రత్నాల నిపుణుడు) అఫిడవిట్‌ను దానికి జత చేయండి. ఉంగరం మీదున్న బీఐఎస్ హాల్‌మార్క్ బంగారానికే, రాయికి కాదు, దాన్ని ఈ వాదనలోకి తేవద్దు.

వాట్సాప్ చాట్‌ను డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. స్క్రీన్‌షాట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63 కింద, ఆ ఎలక్ట్రానిక్ రికార్డు అసలైనదే అని చెప్పే సర్టిఫికెట్ పెట్టండి. వినియోగదారుల కమిషన్లలో సాక్ష్యం నియమాలు కోర్టులో అంత కఠినంగా ఉండవు గానీ, అవతలివాళ్లు మెసేజ్‌ను కాదంటే ఇది మిమ్మల్ని కాపాడుతుంది.

"నో రిటర్న్" అన్న అచ్చు చూసి భయపడక్కర్లేదు. మనసు మారి తిరిగిస్తామంటే దుకాణదారు కాదనవచ్చు. లోపమున్న సరుకు విషయంలో ఆ అచ్చు మీ హక్కును తీసేయదు. లోపమున్నదాన్ని వెనక్కి తీసుకోకపోవడం కూడా సెక్షన్ 2(47) కిందికే వస్తుంది.

ముందు స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వండి. చట్టం తప్పనిసరి చేయకపోయినా, నగల షాపులకు పేరు ముఖ్యం, చాలా వివాదాలు ఈ దశలోనే తేలిపోతాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. కదలకపోతే కరీంనగర్ జిల్లా కమిషన్‌లోనే కేసు వేయండి. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోట వేసుకోవచ్చు, హైదరాబాద్ తిరగనక్కర్లేదు. రెండు వస్తువుల ధర కలిపి రూ.2,23,000. రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానూ దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు, మీకింకా సమయం ఉంది. అలాగని ఆలస్యం చేయకండి.

పోలీసు కేసు సంగతి చాలామంది అడుగుతారు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం రుజువు కావాలంటే, అమ్మేటప్పుడే దురుద్దేశం ఉందని చూపాలి. రాయి వేడిచేసినదని చిల్లర దుకాణదారుకు నిజంగానే తెలియకపోవచ్చు, హోల్‌సేలరు చెప్పిందే తిరిగి చెప్పి ఉండవచ్చు. వినియోగదారుల కమిషన్‌లో ఆ సాకు అంతగా నడవదు. మీకు అమ్మింది ఆయనే, ఆయన కావాలంటే హోల్‌సేలరు మీద పడవచ్చు. అందుకే క్రిమినల్ దారి ఇప్పుడు వద్దన్నది నా అభిప్రాయం.

ఫిర్యాదులో ఏం కోరాలో కూడా చెబుతాను. మొదటి కోరిక: రెండు వస్తువులు వెనక్కి తీసుకుని పూర్తి ధర వడ్డీతో ఇప్పించాలి. అది కుదరకపోతే రెండో కోరికగా ధరలో తేడా అడగండి. దీనికోసం ప్రభుత్వ గుర్తింపు ఉన్న నగల వాల్యుయర్ దగ్గర, ఇదే బరువు, ఇదే రంగు కెంపు వేడిచేసినదైతే ఎంత, వేడిచేయనిదైతే ఎంత అని విడివిడిగా రాయించుకోండి. బంగారం విలువను అందులో కలపనివ్వకండి. ల్యాబ్ ఫీజు, ప్రయాణ ఖర్చులు, మానసిక వేదనకు పరిహారం విడిగా అడగండి, వాటి రసీదులు జత చేయండి.