నానో పేరున్న డిగ్రీ కోసం అడ్వాన్సు కట్టకండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. కొబ్బరి తోట మీద బతుకుతున్నాం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. నీట్‌లో సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. మా నాన్నగారు డయాలసిస్ మీద ఉన్నారు. ఆమధ్య ఆయనకు అక్కి లేచింది. మామూలుగా రోజుకు ఐదుసార్లు వేసే మాత్రను డాక్టరుగారు రెండుసార్లే వేయమన్నారు. ఎందుకలా అని అమ్మాయి ఆరా తీసి, ఏవేవో చదివి, వైరస్ మందులను కంటికి కనిపించనంత చిన్న నానో కణాల్లో పెట్టి పంపే విద్యే నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఒక కన్సల్టెన్సీ వారు పక్క రాష్ట్రంలో నానోటెక్నాలజీ బీటెక్ ఉందనీ, బైపీసీ అయినా ఫర్వాలేదనీ, అడ్వాన్సు కడితే సీటు ఖాయమనీ అంటున్నారు. కట్టమంటారా? లేక నీట్ లాంగ్‌టర్మ్‌లో చేర్చమంటారా?

జవాబు: అడ్వాన్సు కట్టకండి. లాంగ్‌టర్మ్ సంగతి తర్వాత చెబుతాను. ముందు మీ అమ్మాయి పట్టుకున్న విషయం గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే ఆ పిల్ల అడిగింది చాలా మంచి ప్రశ్న. కిడ్నీ జబ్బు వల్ల ఇంటింటికీ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) అంకె కంఠతా వచ్చే మీ ఉద్దానంలో పుట్టిన పిల్లకే అది తట్టిందంటే ఆశ్చర్యం లేదు.

మీ నాన్నగారు వేసుకున్నది అక్కి తెచ్చే వైరస్‌కు ఇచ్చే ఎసైక్లోవిర్ అయి ఉంటుంది. 800 మిల్లీగ్రాముల మాత్ర మింగితే అందులో ఐదో వంతుకు మించి రక్తంలోకి చేరదు. చేరినది కూడా త్వరగా మూత్రంలో పోతుంది. అందుకే రోజుకు ఐదుసార్లు. కిడ్నీలు పనిచేయనివారిలో అది పోవడానికి దారి ఉండదు కాబట్టి ఒంట్లో పేరుకుపోయి, మనిషికి మతి తడబడేదాకా వెళ్లవచ్చు. డాక్టరుగారు మోతాదు తగ్గించింది అందుకే.

వైరస్ మందులతో అసలు చిక్కు ఇక్కడే ఉంది. వైరస్ మన కణాల లోపల దాక్కుంటుంది. మందేమో ఒళ్లంతా తిరుగుతుంది. తోటంతా నీరు పారించడానికీ, చెట్టు మొదట్లోనే చుక్క చుక్కగా వదలడానికీ ఉన్న తేడా మీకు నేను చెప్పనక్కరలేదు. మందును చుక్కల పద్ధతిలోకి తేవడమే ఈ శాస్త్రం పని.

అయితే దానికి నానో ఒక్కటే దారి కాదు. హెపటైటిస్-బికి వాడే టెనోఫోవిర్ పాత రూపంలో రోజుకు 300 మిల్లీగ్రాములు. అణువుకు వేరే తొడుగు తగిలించి, కాలేయ కణంలోకి వెళ్లాకే విచ్చుకునేలా మార్చిన కొత్త రూపం 25 మిల్లీగ్రాములే. రక్తంలో తిరిగే మందు తగ్గింది, కిడ్నీల మీదా ఎముకల మీదా భారం తగ్గింది. ఇందులో నానో లేదు, శుద్ధమైన రసాయన శాస్త్రం.

నానో నిజంగా ఇల్లు చేరిన చోట్లూ ఉన్నాయి. హెచ్ఐవీకి కాబోటెగ్రావిర్, రిల్పివిరిన్ అనే మందులను నానో పలుకులుగా నూరి కండరంలోకి ఇంజెక్షన్ ఇస్తారు. అవి మెల్లగా కరుగుతాయి. రోజూ మాత్ర వేసుకునే మనిషికి నెలకోసారో రెండు నెలలకోసారో సూది చాలు. అమెరికా 2021 జనవరిలో దీనికి అనుమతి ఇచ్చింది. ఇది గురి చూసి వైరస్‌ను కొట్టే బాణం కాదు, నెమ్మదిగా కరిగే నిల్వ. పత్రికలు బాణం బొమ్మే వేస్తాయి కానీ, ఇప్పటిదాకా రోగికి అందిన మేలులో ఎక్కువ భాగం ఈ నెమ్మదితనానిదే. కోవిడ్ ఎంఆర్ఎన్ఏ టీకాలను మోసినవి కొవ్వు నానో కణాలు. అయితే అవి మోసింది వైరస్ మందును కాదు, టీకాను. 2021లో బ్లాక్ ఫంగస్ ఇంజెక్షన్ కోసం జనం ఊళ్లు తిరిగారు, గుర్తుందా? ఆ లైపోసోమల్ యాంఫోటెరిసిన్ కూడా కొవ్వు తిత్తిలో పెట్టిన మందే. విడిగా ఇస్తే అది కిడ్నీలను బాగా దెబ్బతీస్తుంది, తిత్తిలో పెడితే దెబ్బ తగ్గుతుంది. వైరస్ మందు కాకపోయినా మీ అమ్మాయి తప్పక చదవాల్సిన కథ.

ఇక చదువు. ఈ పని చేసే ప్రయోగశాలలో కూర్చునేవారు ఎక్కువగా ఫార్మసీ, కెమిస్ట్రీ, బయోటెక్నాలజీ చదివినవారు. నానో అన్నది వారు తర్వాత పట్టుకున్న పనిముట్టు. పునాది లేకుండా పనిముట్టు పేరుతో నాలుగేళ్ల డిగ్రీ చేస్తే మందుల కంపెనీ ఇంటర్వ్యూలో ఫార్మసీ పిల్లల వెనక నిలబడాలి. అందులోనూ బైపీసీ పిల్లకు ఇంజినీరింగ్ లెక్కలు మొదటి ఏడాదే ఎదురవుతాయి.

ఒక్కటి మాత్రం ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. తాతగారికి మాత్రలు ఎందుకు తగ్గించారన్నది అమ్మాయిని పట్టి లాగిందా, లేక ఆ మందును మోసే తిత్తిని ఎలా కట్టాలన్నదా? మొదటిదైతే ఆమెకు ఫార్మ్-డి నప్పుతుంది. ఆరేళ్లు, చివరి ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. రోగి పక్కన ఉండి మోతాదులు సరిచూసే చదువు. మన జిల్లాల ఆసుపత్రుల్లో అలాంటి ఉద్యోగాలు ఇంకా తక్కువేనని తెలిసే చేరాలి. రెండోదైతే బి.ఫార్మసీ. నాలుగేళ్లు. రెండింటికీ ఏపీ ఈఏపీసెట్ ద్వారానే సీట్లు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫార్మసీ కళాశాల వస్తే మరో మాట లేకుండా చేర్చండి. రాకపోతే శ్రీకాకుళం, విజయనగరంలోని ప్రైవేటు కాలేజీలు చూడండి. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో చూసి, కన్వీనర్ కోటాలోనే తీసుకోండి.

బి.ఫార్మసీ చివరి ఏడాదిలో జీప్యాట్ (ఎం.ఫార్మసీకి జాతీయ అర్హత పరీక్ష) రాయాలి. ఆ అర్హతతో ఎం.ఫార్మసీలో ఫార్మస్యూటిక్స్ (మందును మాత్రగా, సూదిగా మలిచే విభాగం) తీసుకుంటే సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ గుర్తింపున్న కాలేజీల్లో నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం ఉంటుంది. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ ఫార్మసీ విద్యా పరిశోధన సంస్థ నైపర్‌కు వేరే ప్రవేశపరీక్ష ఉంది, దానికీ జీప్యాట్ కావాలి. నానో నిజంగా మొదలయ్యేది ఎం.ఫార్మసీ స్థాయిలోనే. ఆపైన పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్‌కు ఎంపికైతే నెలకు 37,000. మొహాలీలోని నానో సైన్స్ అండ్ టెక్నాలజీ సంస్థ, హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ లాంటివి అప్పుడు ఆలోచించవచ్చు.

ఆ కొవ్వు తిత్తులు కట్టే పని ఎలా ఉంటుందో కూడా అమ్మాయికి తెలియాలి. గుండ్రటి గాజు ఫ్లాస్కులో లెసిథిన్, కొలెస్టరాల్ అనే కొవ్వు పదార్థాలను క్లోరోఫాంలో కరిగించి, గాలి తీసేసి తిప్పుతారు. ద్రవం ఆవిరైపోయి గాజు లోపలి గోడకు పలచని పొర అంటుకుంటుంది. అందులో గోరువెచ్చని నీరు పోసి మళ్లీ తిప్పితే పొర ఊడి నీరు పాలలా అవుతుంది. ధ్వనితరంగాలతో దాన్ని చితక్కొట్టి, కణాల సైజు కొలుస్తారు. ఈరోజు 110 నానోమీటర్లు వస్తే సంబరం. వారం తర్వాత అదే సీసా తీసి చూస్తే 400. కణాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. మళ్లీ మొదటి నుంచి. ఈ రంగంలో రోజులు ఎక్కువగా ఇలాగే గడుస్తాయి. జీడిపిక్కలు ఒలిచే ఓపిక ఉన్న ఇంటిపిల్ల తట్టుకోగలదనే నా నమ్మకం, కానీ అడిగి చూడండి.

ఉద్యోగాల విషయంలో ఆశ పెంచను. మీ జిల్లాలోనే రణస్థలం మండలం పైడిభీమవరంలో ఉన్న ఫ్యాక్టరీల్లో పని ఎక్కువగా ముడి మందుల తయారీ, నాణ్యత పరీక్షలు. బి.ఫార్మసీతో అక్కడ అడుగుపెట్టవచ్చు. నానో మందుల పరిశోధన విభాగాలు ప్రధానంగా హైదరాబాద్ వైపు. ఉద్యోగాలు తక్కువ, ఎం.ఫార్మసీ లేకుండా పిలవరు. అయితే లైపోసోమ్ (కొవ్వు తిత్తి) మందుల జనరిక్ తయారీలో మన దేశానికి చేయి తిరిగింది. సన్ ఫార్మా తయారుచేసిన లైపోసోమల్ డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందుకు అమెరికా 2013లోనే అనుమతి ఇచ్చింది. ఇలాంటి మందులను ఎలా పరీక్షించాలో మన ప్రభుత్వం 2019లో మార్గదర్శకాలు తెచ్చింది. ఆ పరీక్షలు చేసి పత్రాలు సిద్ధం చేసేవారూ కావాలి.

లాంగ్‌టర్మ్: కటాఫ్‌కు ఇరవై ముప్పై మార్కుల దూరంలో ఆగిపోయి, డాక్టరే కావాలని అమ్మాయి తనంతట తాను అంటే ఒక్క ఏడాది ఇవ్వండి. మీ ఉత్తరంలో మాత్రం ఆ కోరిక ఆమెది అన్నట్టు ఎక్కడా లేదు.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందు అనుకున్న కాలేజీకి అమ్మాయిని తీసుకుని ఒకసారి వెళ్లి రండి. ప్రిన్సిపాల్ గదిలో కూర్చోవద్దు. ఫార్మస్యూటిక్స్ ల్యాబు తలుపు తీయించి, చివరి ఏడాది పిల్లలను పట్టుకుని, ఈ యంత్రాల మీద మీ చేత్తో పని చేశారా అని అడగమని చెప్పండి.