మెసేజ్‌కు రక్షణ ఉంది, మరి బ్యాకప్‌కు?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ప్రైవేట్ మెసేజింగ్ యాప్‌ల మీదే ఉన్నాయి. ఒకే విషయం అడిగినవాటిని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంటే కంపెనీ కూడా మన మాటలు చదవలేదంటారు. మరి కోర్టు అడిగితే వాళ్లు ఏమిస్తారు?

జవాబు: మాటలు ఇవ్వలేరు. అవి పంపే ఫోన్‌లోనే అర్థం కాని సంకేతాలుగా మారి, అందుకునే ఫోన్‌లోనే మళ్లీ మాటలవుతాయి. వాటిని విప్పే కీలు (తాళంచెవుల్లాంటి రహస్య సంఖ్యలు) కంపెనీ సర్వర్‌లో ఉండవు, మాట్లాడుకునే ఇద్దరి ఫోన్లలోనే ఉంటాయి. ‘సిగ్నల్’ అనే మెసేజింగ్ యాప్ తయారుచేసిన ప్రోటోకాల్‌నే, అంటే ఎన్‌క్రిప్షన్ పద్ధతినే, వాట్సాప్ కూడా వాడుతోంది. 2016 ఏప్రిల్ నాటికి అన్ని చాట్‌లకూ కాల్స్‌కూ దాన్ని వర్తింపజేసింది. ఈ పద్ధతిలో ప్రతి మెసేజ్‌కూ కీ మారుతుంది, వాడేసిన కీని ఫోన్ చెరిపేస్తుంది. అందుకే ఇవాళ్టి కీ ఎవరి చేతికైనా చిక్కినా, దారిలో పట్టి దాచుకున్న నిన్నటి మెసేజ్‌లు తెరుచుకోవు. ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉంటే కొత్త కీలు పుడుతూ, తర్వాతి మాటలు మళ్లీ భద్రమవుతాయి.

అయితే ఏం మాట్లాడారన్నది వేరు, ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్నది వేరు. రెండోదే మెటాడేటా. యాప్‌ల మధ్య అసలు తేడా ఇక్కడే కనిపిస్తుంది. 2016లో అమెరికాలో ఒక గ్రాండ్ జ్యూరీ (నేరారోపణలను పరిశీలించే పౌరుల బృందం) సమన్లు పంపితే సిగ్నల్ ఇవ్వగలిగినవి రెండే: ఖాతా తెరిచిన సమయం, చివరిసారి సర్వర్‌కు కనెక్ట్ అయిన తేదీ. అంతకుమించి వాళ్ల దగ్గర లేదు. 2018లో ‘సీల్డ్ సెండర్’ తెచ్చి, మెసేజ్ ఎవరు పంపారన్నది కూడా సర్వర్‌కు చాలావరకు తెలియకుండా చేశారు. వాట్సాప్ మాటలు చదవలేకపోయినా ఫోన్ నంబర్, ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య), ఫోన్ మోడల్, గ్రూపుల వివరాలు, ఎప్పుడెప్పుడు వాడుతున్నారు వంటివి సేకరిస్తుంది. విలేకరికి సమాచారం అందించే ఉద్యోగికి ఈ తేడా ప్రాణప్రదం. అతను ఏం చెప్పాడో తెలియకపోయినా, ఎవరితో మాట్లాడాడో తెలిస్తే చాలు, దొరికిపోతాడు.

ఇంకో సంగతి: వాట్సాప్‌లో అవతలివారు మిమ్మల్ని రిపోర్ట్ చేస్తే, మీరు వాళ్లకు పంపినవాటిలో చివరి 5 మెసేజ్‌ల వరకు కంపెనీకి చేరతాయి. పంపేది ఆ ఫోనే కాబట్టి ఎన్‌క్రిప్షన్ దీన్ని ఆపదు.

ప్రశ్న: కొత్త ఫోన్ కొన్నాను. నంబర్ ధ్రువీకరించి, గూగుల్ ఖాతాతో లాగిన్ కాగానే పాత వాట్సాప్ చాట్‌లన్నీ వచ్చేశాయి. కీలు పాత ఫోన్‌లోనే ఉంటాయన్నప్పుడు ఇదెలా?

జవాబు: చాలామంది గమనించని చోటు మీ కంటపడింది. వచ్చినవి బ్యాకప్ నుంచి, అంటే మీ గూగుల్ ఖాతాలో దాచిన చాట్‌ల కాపీ నుంచి వచ్చాయి. మామూలు క్లౌడ్ బ్యాకప్‌కు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉండదు, మనమే పెట్టుకోవాలి. 2021 నుంచి ఆ వీలుంది, కానీ అది దానంతటది ఆన్ కాదు.

సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్, అందులో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ తెరవండి. పాస్‌వర్డ్ గానీ 64 అంకెల కీ గానీ ఎంచుకోమంటుంది. కొత్త వెర్షన్లలో పాస్‌కీ (వేలిముద్ర, ముఖం లేదా స్క్రీన్ లాక్‌తో తెరిచేది) కూడా ఉంది. పాస్‌వర్డ్ అయితే సంబంధం లేని ఐదారు పదాలు కలిపి పొడుగ్గా పెట్టండి, మరెక్కడా వాడనిదై ఉండాలి. 64 అంకెలు ఎంచుకుంటే కాగితం మీద రాసి, ఫోన్‌తో పాటు కాకుండా వేరేచోట దాచండి. స్క్రీన్‌షాట్ మాత్రం తీయొద్దు. అది గ్యాలరీలోంచి క్లౌడ్ ఫొటోల్లోకి వెళ్తే, బ్యాకప్పూ దాని కీ రెండూ ఒకే ఖాతాలో చేరినట్టే. ఫోన్ పోయి, ఈ కీ కూడా పోతే బ్యాకప్‌ను ఎవరూ తెరవలేరు. ఈ కష్టం తప్పదు, ఎందుకంటే కంపెనీ తెరిచి ఇవ్వగలిగితే అది రక్షణే కాదు.

ఐఫోన్‌లో ఇంకొంత జాగ్రత్త కావాలి. ఫోన్ మొత్తానికి ఐక్లౌడ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే చాట్‌ల ఇంకో కాపీ ఈ రక్షణ లేకుండా అందులోకి వెళ్లవచ్చు. ఆపిల్ సొంత మెసేజింగ్ అయిన ఐమెసేజ్ పరిస్థితీ ఇంతే: ఐక్లౌడ్ సెట్టింగ్స్‌లోని ‘అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్’ ఆన్ చేసుకోకపోతే మెసేజ్‌లను విప్పే కీ ఐక్లౌడ్ బ్యాకప్‌లోనే ఉంటుంది.

ఇవన్నీ మీరు చేసినా అవతలివారు చేయకపోతే మీ మాటలు వారి బ్యాకప్‌లో అలాగే ఉంటాయి. పెద్ద గ్రూపుల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. నిజంగా దాచుకోవాల్సిన విషయమైతే ముందు అవతలివారి చేత కూడా ఈ సెట్టింగ్ మార్పించండి.

ప్రశ్న: ‘మీ సెక్యూరిటీ కోడ్ మారింది’ అని వచ్చింది. హ్యాక్ అయినట్టా?

జవాబు: చాలాసార్లు కాదు. అవతలివారు ఫోన్ మార్చినా, యాప్ తీసేసి మళ్లీ పెట్టుకున్నా కోడ్ మారుతుంది. కానీ మీ స్నేహితుడి నంబర్‌ను మరొకరు తమ ఫోన్‌లో నమోదు చేసుకున్నా ఇదే కబురు వస్తుంది, కాబట్టి వదిలేయకండి. ఫోన్ చేసి, గొంతు గుర్తుపట్టి, ఫోన్ మార్చారేమో అడగండి. అదే చాట్‌లో అడిగితే లాభం లేదు, అక్కడ ఉన్నది ఎవరో తేలనిదే జవాబును నమ్మలేం.

పూర్తి ధ్రువీకరణ కావాలంటే ఇద్దరి ఫోన్లలో కనిపించే ఆ కోడ్‌లోని 60 అంకెలను పోల్చాలి. సిగ్నల్‌లో దీని పేరు సేఫ్టీ నంబర్. ఎదురుగా ఉంటే ఒకరి క్యూఆర్ కోడ్‌ను మరొకరు స్కాన్ చేస్తే సరిపోతుంది. దూరంగా ఉంటే కాల్‌లో ఐదేసి అంకెల చొప్పున చదువుకోండి. వాట్సాప్‌లో ఈ హెచ్చరికలు రాకపోతే సెట్టింగ్స్, అకౌంట్, సెక్యూరిటీ నోటిఫికేషన్స్‌లో ఆన్ చేసుకోవాలి.

ప్రశ్న: టెలిగ్రామ్ కూడా ఇంతే భద్రమా?

జవాబు: మామూలు చాట్‌లు కావు. అవి కంపెనీ సర్వర్లలో ఉంటాయి, వాటికి ఎండ్-టు-ఎండ్ రక్షణ లేదు. గ్రూపులకైతే అసలు ఆ వీలే లేదు. ఇద్దరి మధ్య మాత్రం ‘సీక్రెట్ చాట్’ విడిగా మొదలుపెట్టుకోవచ్చు.

ప్రశ్న: నా ఫోన్ నంబర్ తెలియకుండా కొత్తవాళ్లతో మాట్లాడాలి. ఏది వాడాలి?

జవాబు: సిగ్నల్‌లో 2024 నుంచి యూజర్‌నేమ్‌లు ఉన్నాయి. ఖాతా తెరవడానికి నంబర్ కావాలి గానీ, దాన్ని ఎదుటివారికి చూపక్కర్లేదు. ప్రొఫైల్‌లో యూజర్‌నేమ్ పెట్టుకుని, ప్రైవసీలో ఫోన్ నంబర్ విభాగానికి వెళ్లండి. ‘నంబర్ ఎవరు చూడొచ్చు’, ‘నంబర్‌తో ఎవరు వెతకొచ్చు’ అన్న రెండిటికీ ‘ఎవరూ కాదు’ ఎంచుకోండి. రెండోది మొదట్లో అందరికీ తెరిచే ఉంటుంది, చాలామంది అక్కడ ఆగిపోతారు. మీ నంబర్‌ను ముందే దాచుకున్నవారికి అది కనిపిస్తూనే ఉంటుంది. అసలు నంబరే ఇవ్వకూడదనుకుంటే త్రీమా అనే యాప్ ఉంది. అది 8 అక్షరాల ఐడీతో నడుస్తుంది, కానీ డబ్బు పెట్టి కొనాలి.

ప్రశ్న: ఓటీపీ చెప్పి మా చెల్లెలు ఖాతా పోగొట్టుకుంది. ముందుగా ఏం చేసి ఉండాల్సింది?

జవాబు: పిన్ పెట్టుకుని ఉండాల్సింది. వాట్సాప్‌లో ‘టూ-స్టెప్ వెరిఫికేషన్’ కింద 6 అంకెల పిన్, సిగ్నల్‌లో ‘రిజిస్ట్రేషన్ లాక్’. అప్పుడు ఓటీపీ ఒక్కటే చేతికొచ్చినా వేరే ఫోన్‌లో ఖాతా తెరవలేరు. పోయిన ఖాతా కోసం ఆమె తన ఫోన్‌లో అదే నంబర్‌తో మళ్లీ నమోదు చేసుకుంటే దొంగ ఫోన్‌లో ఖాతా ఆగిపోతుంది. దొంగ ముందే పిన్ పెట్టి ఉంటే వాట్సాప్‌లో 7 రోజులు ఆగాల్సి రావచ్చు. ఈలోగా ఆ నంబర్ నుంచి డబ్బు అడిగితే నమ్మొద్దని అందరికీ ఫోన్ చేసి చెప్పండి.

ఓటీపీ కన్నా చాటుగా జరిగేది క్యూఆర్ మోసం. గ్రూపులో చేరండంటూ పంపిన కోడ్‌ను స్కాన్ చేస్తే మీ ఖాతా వాళ్ల కంప్యూటర్‌కు లింక్ అవుతుంది. రష్యాతో సంబంధమున్న ముఠాలు సిగ్నల్ వాడేవారిపై ఈ ఎత్తు వేస్తున్నాయని గూగుల్ 2025 ఫిబ్రవరిలో బయటపెట్టింది. మీ ఫోన్ ఎప్పటిలాగే పనిచేస్తుంది, సిగ్నల్‌లో సేఫ్టీ నంబర్ కూడా మారదు. అందుకే సెట్టింగ్స్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి చూడటం అలవాటు చేసుకోండి. మీది కాని పరికరం కనిపిస్తే అక్కడే తొలగించండి.