కందికి తడి ఎప్పుడు, ఎంత?

ప్రశ్న: తాండూరు దగ్గర మాకు నాలుగెకరాల నల్లరేగడి ఉంది. పోయినేడు కంది నిండుగా పూసిందని బోరు నీళ్లు పారించాం. వారం తిరక్కుండానే పూత రాలిపోయింది. అసలు కందికి నీళ్లు పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: పెట్టొచ్చండీ, పెట్టాలి కూడా. మీరు ఎంచుకున్న అదనే సరికాదు. రేగడి ఎండి నెర్రెలిచ్చాక నీళ్లు వదిలితే నెర్రెల నిండా దిగి నిలుస్తాయి. వేళ్లకు గాలి ఆడదు, నత్రజని పట్టే వేరు బుడిపెలు పనిచేయవు, పూత రాలుతుంది. కంది బెట్టను తట్టుకున్నంతగా నీటి నిల్వను తట్టుకోదు. అలాగని రాలిందంతా నీళ్ల వల్లే అనుకోకండి. పూసిన పూలలో ఎక్కువ భాగం రాలడం కందికి సహజం. పూలు, మొగ్గలు గూడు కట్టుకుని ఉంటే మాత్రం అది మారుకా పురుగు పని.

మొదటి తడి మొగ్గ దశలో, నేల నెర్రెలివ్వక ముందే ఇవ్వాలి. రెండోది కాయలో గింజ ఊరేటప్పుడు. నిండు పూతలో పారించవద్దు. ఒక్క తడికే నీళ్లుంటే మొగ్గ దశకే ఇవ్వమంటాం. ఎకరంలో సెంటీమీటరు మందం నీరంటే సుమారు 40 వేల లీటర్లు. పొలమంతా పారిస్తే 5 సెంటీమీటర్లు, అంటే 2 లక్షల లీటర్లు, ఇట్టే ఖర్చవుతాయి. చాలు విడిచి చాలు పారిస్తే దాదాపు సగం మిగులుతాయి, వేళ్లకు ఒకవైపు గాలీ ఆడుతుంది.

ప్రశ్న: చేవెళ్ల వైపు రెండెకరాల ఎర్ర చెలక, బోరు లేదు. ఆశ రకం కంది వేస్తే తెగులు రాలేదు గానీ గింజ సన్నబడింది. ఎందుకని?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థలో రూపొందిన ఆశ (ఐసీపీఎల్ 87119) ఎండు తెగులును, వెర్రి తెగులును తట్టుకుంటుంది. కానీ అది సుమారు 170–180 రోజుల పంట. గింజ ఊరే వేళకు చెలకలో పదును (తేమ) ఉండదు. పాలెం పరిశోధన స్థానం రకం పీఆర్‌జీ 176 (ఉజ్వల) లాంటి 130–140 రోజుల పంట మీకు మేలు. జులై సగానికల్లా, సాళ్ల మధ్య 90, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు ఉండేలా విత్తండి.

సాళ్లు వాలుకు అడ్డంగా ఉండాలి. ప్రతి 3.6 మీటర్లకు విత్తనం వేయని ఒక గొడ్డు చాలు తీస్తే వాన నీరు పొలంలోనే ఇంకుతుంది. వాలు వెంట తీస్తే అదే కాలువై మట్టిని కోసేస్తుంది.

మిగిలి పారే నీటికి పల్లపు మూల ఒక కుంట తవ్వించండి. పైన 12 × 12, అడుగున 6 × 6, లోతు 2 మీటర్లైతే సుమారు 1.68 లక్షల లీటర్లు పడుతుంది. అంటే రెండెకరాలకు 2 సెంటీమీటర్ల తడి ఒక్కటి. అంత పలుచటి తడి పారించడం కుదరదు, తుంపర్లతోనే ఇవ్వాలి. చెలకలో కుంట నీరు ఇంకిపోతుంది కాబట్టి అడుగున, గట్లకు 500 మైక్రాన్ల షీటు పరిపించాలి. ఆవిరయ్యేదీ తక్కువేం కాదు, అందుకే మొగ్గ దశలో బెట్ట కనిపించగానే వాడేయండి, దాచుకోవద్దు.

ప్రశ్న: విత్తనానికి రైజోబియం (నత్రజని పట్టే బ్యాక్టీరియా పొడి) పట్టించినా వేళ్లకు బుడిపెలు కనిపించలేదు. పొడి నాసిరకమా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందు మొక్కను ఎలా తీశారో చూసుకోండి. పట్టుకుని పీకితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. 35–40 రోజుల మొక్కను పారతో మట్టిగడ్డతో సహా లేపి, బకెట్ నీళ్లలో నానబెట్టి కడగాలి. బుడిపెను గోటితో చిదిమితే లోపల గులాబీ ఎరుపుంటే నత్రజని పట్టినట్టు, తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే లేనట్టు.

శిలీంద్రనాశనినీ రైజోబియంనూ కలిపి పట్టిస్తే బ్యాక్టీరియా చస్తుంది. మందు ముందు పట్టించి ఆరనివ్వాలి. తర్వాత చల్లారిన బెల్లం పాకంతో ఎకరం విత్తనానికి 200 గ్రాముల రైజోబియం పట్టించి, నీడలోనే ఆరబెట్టి ఆ రోజే విత్తాలి.